'డివైన్ డివినిటీ' – ఒక ఆట గుణదోషాలు

మన సావనీరులో కథలుంటాయి, గేయాలుంటాయి, ప్రిన్సిపాలు గారి సందేశం ఉంటుంది, "నేటి యువత – రేపటి భారతం" తరహా వ్యాసం ఒకటి ఉండనే ఉంటుంది. వాటి మధ్య ఒక కంప్యూటరు ఆట మీద వ్యాసమేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. వారికి నా మనవి ఒక్కటే. రాత్రి పదకొండు దాటాక మన హాస్టలు వరండాలో ఒకసారి నడిచి చూడండి. మూడు గదులకు ఒక గదిలో కత్తులు ఖంగుమంటూ ఉంటాయి. సినిమా చూసి వస్తే ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశాడు, క్లైమాక్సు తేలిపోయిందని మెస్సులో గంటసేపు వాదించుకునే మనవాళ్ళు, అరవై గంటలు ఖర్చుపెట్టి ఆడిన ఆట సంగతి అడిగితే "బాగుందిరా" అనో "బోరురా" అనో ఒక్క ముక్కతో సరిపెడతారు. రెండున్నర గంటల వస్తువుకు అంత విమర్శా, అరవై గంటల వస్తువుకు ఒక్క మాటా! ఈ అన్యాయం చూడలేక కలం పట్టాను.

నేను ఎంచుకున్న ఆట కొత్తదేమీ కాదు. 2002లో వచ్చింది. పేరు 'డివైన్ డివినిటీ'. బెల్జియం దేశంలో స్వెన్ విన్కే అనే ఆయన 1996లో పెట్టిన లేరియన్ స్టూడియోస్ దాన్ని తయారు చేసింది. సి.డి.వి. అనే జర్మను సంస్థ ప్రచురించింది. ఆ లేరియన్ వారే 2023లో 'బాల్డుర్స్ గేట్ 3' తీసి, ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి ఆటగా బహుమతి కొట్టేశారు. ఆ కొత్త ఆట మన గదుల్లో ఉన్న కంప్యూటర్ల మీద అడుగు కూడా కదపదు. ఈ పాతది కదుపుతుంది. అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్ మీద, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా, ఆడేటప్పుడు ఇంటర్నెట్టు లేకుండా హాయిగా నడుస్తుంది. జి.ఓ.జి., స్టీమ్ అనే నెట్టు దుకాణాల్లో ఇవాళ్టికీ దొరుకుతుంది. మనబోటి వాళ్ళకు ఇది చిన్న గుణం కాదు. అంచేత గుణాల జాబితాలో దీన్ని మొదటే రాసుకుంటున్నాను.

పేరు చూస్తే మాత్రం నవ్వొస్తుంది. "దివ్యమైన దివ్యత్వం" అట! మనవాళ్ళు "గేటు తలుపు" అన్నట్టు లేదూ? తయారు చేసినవాళ్ళు పెట్టుకున్న పేరు 'డివినిటీ: ది స్వోర్డ్ ఆఫ్ లైస్'. అయితే ప్రచురణకర్తలకు అంతకు ముందు 'సడెన్ స్ట్రైక్' అనే ఆట బాగా కలిసొచ్చింది. రెండు మాటలూ ఒకే అక్షరంతో మొదలైతే డబ్బులు రాల్తాయని నమ్మకం కుదిరింది కాబోలు, ఇదీ అట్లాగే ఉండాలన్నారు. అనుప్రాస మీద మోజు మన అవధానులకే కాదు, జర్మను వ్యాపారస్తులకూ ఉందన్నమాట.

ఆటలు ఎరగని లెక్చరర్ల కోసం రెండు మాటలు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే మనం ఒక పాత్రను ఎంచుకుని, దాని బలాబలాలు పెంచుకుంటూ ఒక కథలో నడిచే ఆట. అందులో రెండు వంశాలు ఉన్నాయి. ఒక వంశానికి మూలపురుషుడు 'డయాబ్లో'. బ్లిజార్డ్ అనే అమెరికా సంస్థది, దాని రెండో భాగం 2000లో వచ్చింది. అడ్డం వచ్చిన రాక్షసుణ్ణల్లా మౌసుతో టకటకా నొక్కి నరకటం, వాడు రాల్చిన బంగారం, కత్తీ, కవచం ఏరుకోవటం, ఇంకాస్త బలమైన రాక్షసుడి మీదికి పోవటం – ఇదే దాని మంత్రం. ఇంగ్లీషులో హాక్ అండ్ స్లాష్ అంటారు, మనం నరుకుడు ఆట అనుకుందాం. రెండో వంశంలో నేను చెప్పదలచుకున్నది 1992 నాటి 'అల్టిమా 7'. రిచర్డ్ గారియట్ సృష్టి. అందులో మీరు పిండిలో నీళ్ళు కలిపి ముద్ద చేసి, పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకోవచ్చు. దానివల్ల లోకం రక్షింపబడేదేమీ లేదు. కాల్చుకోవచ్చు, అంతే. ఆ లోకంలో వస్తువు వస్తువుగా ఉంటుంది, తలుపులు బార్లా తీసి ఉంటాయి, ఎటు పోవాలో మీ ఇష్టం.

ఈ రెండింటికీ పెళ్ళి చేయబోయిన ఆట 'డివైన్ డివినిటీ'. విన్కేకు 'అల్టిమా 7' అంటే ప్రాణం. అంగడిలో చెల్లుబాటయ్యేదేమో 'డయాబ్లో'. కనుక పైకి డయాబ్లో వేషం, లోపల అల్టిమా ప్రాణం. చాలామంది దీన్ని మెచ్చుకుంటూ "రెండింటిలోని మంచినీ కలిపింది" అని ఊరుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఈ రెండు వంశాలకూ జాతకాలు కలవవు. నరుకుడు ఆట మీ చేతి వేగం అడుగుతుంది, ఆగి చూడొద్దంటుంది. తెరిచిన లోకం మీ కంటి నిదానం అడుగుతుంది, ప్రతి పీపా కిందా చూడమంటుంది. చెయ్యి, కన్ను ఒకదాన్నొకటి సహించిన చోట ఈ ఆట అద్భుతం. చెయ్యి కన్నును పొడిచేసిన చోట వట్టి చాకిరి. గుణాలూ దోషాలూ అన్నీ ఈ ఒక్క కాపురంలోంచే పుట్టాయని నా వాదం.

మొదట ఎక్కడ అద్భుతమో చెబుతాను. ఆట మొదలవటం అలెరోత్ అనే చిన్న ఊళ్ళో. అది వైద్యుల ఊరు. మీరు స్పృహ తప్పి పడి ఉంటే జోరం అనే వైద్యుడు తన ఇంటికి చేర్చాడు, అక్కడ కళ్ళు తెరుస్తారు. తమాషా ఏమిటంటే ఊరందరికీ పెద్ద దిక్కైన మార్డేనియస్‌కే మతి చలించి ఉంది. వైద్యుల ఊళ్ళో పెద్ద వైద్యుడికి పిచ్చి! లోకాన్ని కాపాడే గొడవ ఇంకా ఎక్కడా లేదు. ముందు ఈ ముసలాయన సంగతి చూడాలి. జోరం ఇంటి నేలమాళిగలోంచి దారి కిందికి పోతుంది, ఊరి అడుగున అంతస్తుల మీద అంతస్తులుగా సమాధుల గుహలు.

ఈ ఇంట్లో నేను గంట గడిపాను. పీపా జరిపితే జరుగుతుంది. పెట్టె లాగితే వస్తుంది. కంచం, కొవ్వొత్తి, పుస్తకం, దిండు – దేన్నైనా మౌసుతో పట్టుకుని ఇక్కణ్ణుంచి అక్కడ పెట్టవచ్చు. నూటికి తొంభై సార్లు కింద ఏమీ ఉండదు. మిగిలిన పది సార్లు ఒక తాళంచెవో, నేలలో ఒక తలుపో బయటపడుతుంది. అక్కడ ఉందని చెప్పే బాణం గుర్తు లేదు, మెరుపు లేదు, గంట లేదు. ఇప్పటి ఆటలు చాలావాటిలో వెతకవలసిన వస్తువు చుట్టూ పసుపు వెలుగు పెట్టి "ఇదిగో బాబూ, వెతుకు" అంటారు. దాన్ని వెతకటం అనరు, బంతిలో అన్నం వడ్డించుకోవటం అంటారు. అలెరోత్‌లో తాళంచెవి దొరికితే అది నాకు దొరికింది, నాకు ఇవ్వలేదు. ఈ తేడా తెలిసిన మనిషి ఎవరో ఆ పీపాను అక్కడ పెట్టాడు. ఇంటాయన కంచాన్ని ఆయన చూస్తుండగా జేబులో వేసుకుంటే ఊరుకోడు కూడా. మంచం మీద పడుకుంటే నిద్ర పట్టి గాయాలు మానతాయి. ఇవేవీ పెద్ద విషయాలు కావు. అన్నీ కలిస్తే మాత్రం ఇల్లు ఇల్లనిపిస్తుంది.

కింద గుహల్లో సంగతి మరీ బాగుంటుంది. చీకట్లో పోతూ పోతూ ఉంటే రెండు అస్థిపంజరాలు మాట్లాడుకుంటూ వినపడతాయి. ఇంకో ఆటలో అయితే చూడగానే నరకటమే. ఇక్కడ వాటి గోల వాటిది: మనకు కండ లేదు, నరం లేదు, మరి మనం ఎట్లా నిలబడి ఉన్నాం అని చర్చ. చర్చ ముదిరి, మనం నిలబడటం అసాధ్యమని వాటికి నిశ్చయంగా తోచగానే రెండూ కుప్పకూలిపోతాయి. కత్తి దుయ్యనక్కర లేకుండానే రెండు శత్రువులు తత్త్వవిచారానికి బలి! మా ఫిలాసఫీ మాస్టారికి ఈ సంగతి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. నరుకుడు ఆట తన్ను తాను చూసి నవ్వుకోగలగటం, ఎదురుగా వచ్చే రాక్షసుడికి కూడా ఒక మాటా ఒక బాధా ఉంటాయని గుర్తుండటం ఈ ఆటలోని అసలు సంస్కారం.

అలెరోత్ దాటితే లోకం విప్పారుతుంది. ఫెరోల్ అనే పొలాల సీమ, వెర్డిస్టిస్ అనే నగరం, స్టార్మ్‌ఫిస్ట్ కోట, చీకటి అడవి. వెర్డిస్టిస్‌లో ఉన్నవారి పేట ఒకటి, లేనివారి పేట ఒకటి. లేనివారి పేటలో మహమ్మారి. రాజుల గొడవలతో నిమిత్తం లేకుండా ఆ పేట పని మీదే నేను మూడు రాత్రులు తిరిగాను. ముందు ఇది చెయ్యి, తరవాత అది చెయ్యి అని ఆట మన చెవి పట్టుకు నడిపించదు. మనం ఇంకా తట్టుకోలేని చోటికి పోతే చస్తాం, అంతే. చచ్చి బుద్ధి తెచ్చుకుని ఇంకో దారి పట్టవచ్చు. ఆ స్వేచ్ఛ నాకు నచ్చింది. మా రూమ్మేటుకు నచ్చలేదు. "ఎటు పోవాలో చెప్పని ఆట ఆటేంట్రా, మన టైంటేబులు లాగా" అన్నాడు.

రెండు పిరమిడ్ల ముచ్చట చెప్పకపోతే అన్యాయం. గుప్పిట్లో పట్టే రెండు చిన్న పిరమిడ్లు మీకు దొరుకుతాయి. ఒకదాన్ని ఎక్కడైనా వదిలి, రెండోదాన్ని వాడితే మొదటిది ఉన్న చోట ప్రత్యక్షమవుతారు. గుహ అడుగున మోత ఎక్కువైందా? ఒకటి అక్కడ పడేసి, వర్తకుడి దగ్గర వదిలిన రెండోదాని పక్కన తేలి, సరుకు అమ్ముకుని తిరిగి గుహలోకి దిగవచ్చు. మిగతా ఆటల్లో దూరం తగ్గించటానికి పటంలో మీట నొక్కిస్తారు. ఇక్కడ అదీ ఒక వస్తువే. ఎక్కడ వదలాలో మీరు ఆలోచించుకోవాలి. లేరియన్ వారు దీన్ని మరిచిపోలేదు, 2014 నాటి 'డివినిటీ: ఒరిజినల్ సిన్'లో మళ్ళీ వాడుకున్నారు. మంచి ఆలోచనకు ఆయుష్షు ఎక్కువ.

సంగీతం గురించి చెప్పే అర్హత నాకు లేదు గాని చెవులున్నాయి. కిరిల్ పొక్రోవ్‌స్కీ అనే రష్యన్ కూర్చాడు. ఆయన అంతకు ముందు 'ఆరియా', 'మాస్టర్' అనే రష్యన్ హెవీ మెటల్ బృందాల్లో కీబోర్డు వాయించిన మనిషి. అంత గోల సంగీతంలోంచి వచ్చినవాడు పల్లెకూ పొలానికీ అంత మెత్తని బాణీలు ఎట్లా కట్టాడో ఆశ్చర్యం. 2015లో ఆయన చనిపోయాడు. పరీక్షలకు చదివేటప్పుడు నేను ఆట తెరవకుండా ఆ పాటలు మాత్రం పెట్టుకుంటాను. ఆట మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఈ విషయంలో నోరెత్తను.

ఇక దోషాలు.

పాత్రలు మూడు రకాలు: యోధుడు, మాంత్రికుడు, దొంగలా ఒదిగి బతికే సర్వైవర్. ఒక్కొక్కదానిలో ఆడా మగా ఉన్నారు, వెరసి ఆరు. ఎవరు ఎవరి విద్యనైనా నేర్చుకోవచ్చు. యోధుడు మంత్రం వేయవచ్చు, మాంత్రికురాలు తాళాలు పగలగొట్టవచ్చు. మొదట్లో దీన్ని మించిన ఉదారత లేదనిపిస్తుంది. తీరా సగం ఆట అయ్యేసరికి అందరూ ఒకే మనిషి అయిపోతారు. మా వింగులో ముగ్గురం మూడు పాత్రలతో మొదలుపెట్టాం. నలభయ్యో గంటకు ముగ్గురి చేతిలోనూ ఇంచుమించు అవే విద్యలు. ఎందుకంటే పనికొచ్చే విద్యలు కొన్నే, పనికిరానివి అనేకం. ఆప్షనల్ సబ్జెక్టులు ఇరవై ఇచ్చి, మార్కులు పడేవి నాలుగే అని సీనియర్లు చెప్పినట్టు ఉంటుంది. స్వేచ్ఛ ఇవ్వటం వేరు, ఎంచుకోవటానికి యోగ్యమైనవి ఇవ్వటం వేరు.

అసలు పోట్లాట గురించి చెప్పాలంటే, నరుకుడు ఆటలో నరకటమే బలహీనం. డయాబ్లోలో దెబ్బ తగిలితే తగిలినట్టు చేతికి తెలుస్తుంది. ఇక్కడ మీ కత్తి గాలిలో తిరుగుతుంది, అంకెలేవో మారతాయి, ఎవరో ఒకరు పడతారు. శత్రువులు తెర అంచు అవతలి నుంచి గుంపుగా వచ్చి మీద పడతారు. స్పేస్ బార్ నొక్కి ఆటను నిలిపి ఆలోచించుకునే వీలుంది, నిజమే. ఆలోచించి చేసేది ఏముంది? రక్తం తగ్గినప్పుడల్లా సీసా ఎత్తటమే. పెద్ద పోరాటాలన్నీ ఎవరి దగ్గర మందు సీసాలు ఎక్కువున్నాయో తేల్చుకునే పోటీలు. ఇది కత్తియుద్ధం కాదు, కషాయాల యుద్ధం. పోట్లాట మధ్యలో మీరు పీపాను జరపరు, కొవ్వొత్తిని చూడరు, అస్థిపంజరం ఏమంటోందో వినరు. మొదటి ఇంట్లో నేర్పిన కంటి చూపు అక్కడ దేనికీ పనికి రాదు. అలెరోత్ నాకు ఒక ఆట నేర్పింది, పోట్లాట ఇంకో ఆట పరీక్ష పెట్టింది.

మోత సంగతి ఇంకొకటి. చచ్చిన ప్రతివాడూ ఏదో రాలుస్తాడు. అన్నీ ఏరుకోవాలనిపిస్తుంది, ఏరుకుంటే బరువు, బరువైతే అమ్మటానికి పరుగు. ఆట సమయంలో ఎంతో భాగం పాత ఇనప సామాను వ్యాపారానికి పోయిందని నా లెక్క. పిరమిడ్లు అంత ముద్దొచ్చింది కూడా ఈ చాకిరి తగ్గించినందుకేనేమో.

ఐతే ఇవన్నీ క్షమించవచ్చు. మధ్యభాగంలో లోకం అంత నిండుగా ఉంటుంది కనుక, రెండు పోట్లాటల మధ్య ఎవడో రైతు తన గొడవ చెప్పుకుంటాడు, ఎక్కడో ఒక పుస్తకం దొరుకుతుంది, దారి తప్పి ఇంకో కథలో పడతాం. క్షమించలేనిది చివరి భాగం.

కథ తెలియకూడదనుకునే మిత్రులు ఇక్కడ ఆగిపోవటం మంచిది. రివెలాన్ అనే ఆ లోకంలోని ఏడు జాతుల పెద్దల్ని ఒక సభగా కూర్చటం మీ పని. సభ కూడి, మీరు దైవాంశ పొందిన వీరుడయ్యాక, ఆట మిమ్మల్ని ఒక బీడు దేశంలోకి తోస్తుంది. వేస్ట్‌లాండ్ దాని పేరు. పేరుకు తగ్గట్టే ఉంటుంది. అక్కడ ఊళ్ళ సందడి లేదు. మాట్లాడే మనుషులు వేళ్ళ మీద లెక్కకు వస్తారు. దారులు ఎటు పోవాలో అటే పోతాయి. ఒక గుంపును చంపితే ఇంకో గుంపు, దాని వెనక మరో గుంపు. యాభై గంటలు నన్ను మనిషిగా చూసిన ఆట చివరి పది గంటలు కూలివాడిగా చూసింది. హాస్యం ఎటు పోయిందో పోయింది. పీపాలు ఉన్నా జరపబుద్ధి కాదు.

దీని మీద మా కెమిస్ట్రీ మిత్రుడికీ నాకూ పెద్ద వాదం. వాడు అంటాడు: "ఒరే, వాళ్ళ పరిస్థితి ఏమిటో తెలిస్తే నువ్వు ఇట్లా అనవు." వాడు చెప్పే పరిస్థితి నిజమే. లేరియన్ వారు దీనికి ముందు 'ది లేడీ, ది మేజ్ అండ్ ది నైట్' అనే ఆట మొదలుపెట్టారు. అటిక్ అనే జర్మను సంస్థతో కలిసి చేస్తూ ఉండగా అది మధ్యలోనే ఆగిపోయింది. ఆ దెబ్బ నుంచి తేరుకుంటూ, చేతిలో డబ్బు లేని స్టూడియో ఈ ఆట కట్టింది. తీరా విడుదలయ్యాక విమర్శకులు మెచ్చుకున్నారు, ఆట అమ్ముడుపోయింది, అయినా ఒప్పందం షరతుల పుణ్యమా అని తయారు చేసినవాళ్ళకు చేరింది స్వల్పం. చాలా ఏళ్ళ తరవాత, 2013లో కిక్‌స్టార్టర్ ద్వారా ఆడేవాళ్ళ దగ్గరే చందాలు పోగు చేసి 'ఒరిజినల్ సిన్' తీశాకనే ఆ సంస్థ తన కాళ్ళ మీద గట్టిగా నిలబడింది. అంత కష్టంలో పుట్టిన ఆటకు చివర కొంత తొందర ఉంటే తప్పేమిటని మా వాడి ప్రశ్న.

తప్పని నేను అనటం లేదు. తొందర ఉందని అంటున్నాను. కూలి డబ్బు అందక గోడ సగంలో ఆపిన మేస్త్రీ మీద నాకు సానుభూతి ఉంటుంది, ఐనా వానకు ఆ ఇంట్లో తడిసేది నేనే. ప్రచురణకర్త గడువు, స్టూడియో అప్పు ఆట పెట్టె మీద రాసి ఉండవు. ఆడేవాడి పది గంటలు మాత్రం నిజంగా ఖర్చవుతాయి. మన వయస్సులో, సెమిస్టరుకు రెండు ఇంటర్నల్స్, ఒక రికార్డు, ఇంటి నుంచి వారానికొక ఫోను ఉన్న మనకు, పది గంటలంటే మాటలు కాదు. పైగా ఈ బీడు డబ్బు లేకపోవటం వల్ల మాత్రమే వచ్చిందని నేను నమ్మను. డబ్బు అయిపోయినప్పుడు దేన్ని వదిలేశారు, దేన్ని ఉంచారు అన్నది చూడండి. మనుషుల్ని, మాటల్ని, ఇళ్ళని వదిలేశారు. నరుకుడును ఉంచారు. ఎందుకంటే గుంపును పెట్టటం చవక, మాట రాయటం ఖరీదు. ఒక అస్థిపంజరానికి నాలుగు మాటలు రాయాలంటే ఒక మనిషి కూర్చుని ఆలోచించాలి. నలభై అస్థిపంజరాల్ని వరసగా నిలబెట్టటానికి ఆలోచన అక్కర్లేదు. మొదట చెప్పిన కాపురంలో కష్టకాలం వచ్చేసరికి కన్నును పుట్టింటికి పంపేసి చెయ్యి ఒక్కటే ఇల్లు నడిపింది.

ఇంకో సంగతి. పొలాల్లో నేను ఆదరంతో చూసిన లోకాన్ని కాపాడటానికే కదా ఈ నరుకుడంతా. ఆ లోకం ఏదీ కనపడని చోట పది గంటలు నరికిస్తే, దేనికోసం నరుకుతున్నానో మరచిపోయాను. సగంలో మా రూమ్మేటు వచ్చి "ఇప్పుడు ఎవర్ని చంపుతున్నావ్?" అని అడిగితే సమాధానం తెలియలేదు. ఆట మొదట్లో అడిగి ఉంటే ఎవరు, ఎందుకు, వాడి పేరేమిటి అని కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి.

మరి జూనియర్లు ఆడాలా, వద్దా? ఆడండి. సెలవుల్లో మొదలుపెట్టండి, మార్చిలో మాత్రం వద్దు. అలెరోత్‌లో తొందరపడకండి. పాత్రల్లో సర్వైవర్‌ను ఎంచుకుంటే చూసే అలవాటు ముందుగా వస్తుంది. ఏడు జాతుల సభ కూడాక మనసొప్పితే అక్కడితో ఆపేయండి. "పూర్తి చెయ్యకుండా వదిలేశావా" అని ఎవరైనా వెక్కిరిస్తే నా పేరు చెప్పండి. నేను పూర్తి చేశాను, అందుకే చెబుతున్నాను.

ఈ సలహా వినగానే మా కెమిస్ట్రీ మిత్రుడు ఎగిరి పడ్డాడు. "ముగింపు చూడకపోతే ఏం చూసినట్టురా" అన్నాడు. వాడి మాటలో బలం లేకపోలేదు. ముగింపు ఆలోచన గొప్పదే. దుష్టులు చేసిన క్రతువు వల్ల విలయాధిపతి ఆత్మ ఒక పసిబిడ్డలో ప్రవేశిస్తుంది. వేల మందిని నరికి అక్కడికి వచ్చిన వీరుడు ఆ బిడ్డ మీద కత్తి ఎత్తలేకపోతాడు. డేమియన్ అని పేరు పెట్టి పెంచుకుంటాడు. ఆ దయ ఏ ఫలితం ఇచ్చిందో తరవాతి ఆటల కథ. నరుకుడు ఆట తన జీవితంలో ఒకే ఒక్కసారి "నరకను" అన్న ఘట్టం అది. ఇంతకన్నా మంచి ముగింపు ఆ జాతి ఆటలో నేను ఎరగను.

కాని అది మనం ఆడే ఘట్టం కాదు. మనం చూసే సినిమా. ఆఖరి శత్రువు పడగానే మౌసు పని అయిపోతుంది, తెర మీద బొమ్మ నడుస్తుంది, వీరుడు తనకు తానే నిర్ణయించుకుంటాడు. జోరం ఇంట్లో కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో నన్ను అడిగిన ఆట ఇది. కంచం ఎత్తనా మాననా అన్నది నాకు వదిలేసిన ఆట. అరవై గంటల్లో నిజంగా బరువైన నిర్ణయం ఒక్కటి వచ్చేసరికి నా చేతిలోంచి లాక్కుంది. ఆ బిడ్డను నేను కూడా ఎత్తుకునే ఉండేవాణ్ణి. నన్ను అడిగి ఉండవలసింది.